తుంటి ఆపరేషన్ అయ్యాక చారన్నమే పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. ఇరవై రోజుల కిందట బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని బంధువులు చెప్పడంతో చారన్నం, ఇడ్లీ మాత్రమే పెడుతున్నాం. అదీ నాలుగు ముద్దలే తింటోంది. ఆరు నెలల కిందట 52 కిలోలుండేది, ఇప్పుడు 46. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కుట్ల దగ్గర ఇంకా తడిగా ఉంది. ఇదంతా వయసు వల్లేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: ముందుగా, ఇరవై రోజులైనా కుట్లు తడిగా ఉన్నాయంటే ఇన్ఫెక్షన్ ఉండవచ్చు కాబట్టి రేపటికి వాయిదా వేయకుండా సర్జన్‌కు చూపించండి.

ఇక మిగతా సంగతి వయసు మీదకు నెట్టవద్దు. ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతుకు పైగా పోవడం స్పష్టమైన పోషకాహార లోపం, అది ఆమె పడిపోకముందే మొదలై ఉండవచ్చు కూడా. తొడల్లో కండ తగ్గితే అడుగు తడబడుతుంది. తుంటి విరిగి ఆసుపత్రికి వచ్చే పెద్దవారిలో ఎంతోమంది అప్పటికే ఇలా చిక్కిపోయి ఉంటారు. ఆ పైన ఆపరేషన్‌కు ముందు ఉపవాసం, అది వాయిదా పడితే మళ్లీ ఉపవాసం, గాయం వల్ల శరీరం తన కండనే కరిగించుకోవడం తోడవుతాయి. సెలైన్ ఎక్కుతోంది కదా అని ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉంటారు గానీ, అర లీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెరే. ఒక గ్లాసు పాలు ఇచ్చేంత శక్తి కూడా అందులో లేదు.

పప్పు, గుడ్డు వల్ల చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. వాటితో పోరాడడానికీ, కొత్త చర్మం, కండ, ఎముక కట్టుకోవడానికీ కావలసింది ప్రొటీనే, మీరు పథ్యం పేరుతో ఆపింది దాన్నే. మీరు ప్రేమతోనే చేశారని తెలుసు, అయినా ఈ పథ్యాన్ని ఈ పూటతో మానేయండి. మూత్రపిండాల జబ్బు లేకపోతే, ఈ స్థితిలో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అవసరం, అంటే మీ అమ్మగారికి 55 నుంచి 70 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలలో దాదాపు 8 గ్రాములు ఉంటాయి కాబట్టి, రెండు గుడ్లు, అర లీటరు పాలు, రెండు పూటలా ముద్దపప్పు, గడ్డ పెరుగు, కాస్త వేయించిన పల్లీల పొడి కలిస్తే అక్కడికి చేరుకోవచ్చు. గుడ్డు తినని ఇళ్లలో పనీర్, సోయా వాడవచ్చు. రాగి జావ పాలతో కాస్తే కాల్షియం కూడా అందుతుంది. విటమిన్ డి పరీక్ష చేయించి, లోటుంటే డాక్టర్ చెప్పిన మోతాదులోనే వేయండి.

అయితే ఇవన్నీ ఒక్కరోజులో పెట్టేయకండి. చాలా రోజులుగా సరిగా తినని మనిషికి హఠాత్తుగా తిండి పెంచితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే ఆ పరీక్షలు చేయించి, డైటీషియన్ పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచుతూ, రోజుకు ఆరుసార్లు చిన్న గిన్నెల్లో పెట్టాలి. పౌడర్ డబ్బాల సంగతి కూడా వారినే అడగండి; తుంటి విరిగినవారికి అవి ఆహారానికి తోడుగా పనికొస్తాయి, ఆహారానికి బదులుగా కాదు.

ఆమె ఎందుకు తినడం లేదో కూడా పక్కన కూర్చుని అడగండి. ఆపరేషన్ థియేటర్‌కు పంపే ముందు తీసి కర్చీఫులో చుట్టి ఇచ్చిన కట్టుడు పళ్లు సంచిలోనే ఉండిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. నొప్పి మాత్రలతో మలబద్ధకం, వికారం వస్తాయి, వాటికి మందులున్నాయి. మాటిమాటికీ బెడ్‌పాన్ అడగడానికి సిగ్గుపడి, కోడళ్లకు, కూతుళ్లకు శ్రమ ఎందుకని తిండీ నీళ్లూ తగ్గించుకునే తల్లులు చాలామంది ఉన్నారు. అలాంటిదేమైనా ఉంటే, ఆమె నోరు తెరిచి అడగాల్సిన పని లేకుండా మీరే వేళకు తీసుకెళ్లండి. పడుకోబెట్టి తినిపించకండి. మింగేటప్పుడు పొలమారుతుంటే మాత్రం తిండి పెంచే ముందే డాక్టర్‌కు చెప్పాలి.

తిండితో పాటు ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం రోజూ జరగాలి, అది లేకపోతే తిన్న ప్రొటీన్ కండగా మారదు. వారానికోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి. నిలబడలేకపోతే పిక్క చుట్టుకొలత టేపుతో కొలవండి. 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ బాగా తగ్గిందని అర్థం. ఆ కాగితాన్ని ఇకపై సర్జన్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఎక్స్‌రేతో పాటు తీసుకెళ్లండి.