బట్టతో చేసిన కుర్చీల షో పెడుతున్నావటగా, అయితే ఇది చదువు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. ముడులేసి చేసిన ఆ పెద్ద బొమ్మ చాలా బావుంది, మేనత్తని కాబట్టి అంటున్న మాట కాదు. కుర్చీలూ బావున్నాయి గానీ ఆ ఎర్రదాని మీద నాకు కొంచెం అనుమానం ఉంది, చెప్తాను.

ముందు ఒక పని చెయ్యి. గ్యాలరీ వాళ్ళతో గోడలూ లైట్లూ అని మాట్లాడేలోపే ఒక కాగితం తీసుకుని ప్రతి పీస్ పక్కనా "కూర్చోవచ్చు", "ముట్టుకోవచ్చు", "చూడటమే" అని మూడిట్లో ఏదో ఒకటి రాసెయ్యి. ఇది తేల్చకుండా షో పెడితే వచ్చినవాళ్ళే తేలుస్తారు, వాళ్ళు తేల్చింది నీకు నచ్చదు. రాతి బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని పెద్దమనిషిలా నిలబడేవాడు కూడా ఉన్ని కనబడితే నొక్కి చూడకుండా ఉండలేడు, ఇక కుర్చీ అంటే చెప్పక్కర్లేదు, కాళ్ళు నొప్పెట్టిన వాళ్ళు "దయచేసి కూర్చోవద్దు" అన్న బోర్డు మీదే బ్యాగ్ పెట్టి మరీ కూర్చుంటారు.

అందుకని బోర్డుల్ని నమ్ముకోకు. కూర్చోవడానికి పనికొచ్చే బెంచి ఒకటి నిజంగానే వదిలెయ్, కూర్చోనీ. చూడటానికి మాత్రమే అనుకున్నవాటిని జానెడు ఎత్తు బల్ల మీద పెట్టు, బల్ల అంచు వస్తువు కన్నా ఓ మూర ఎక్కువ ఉండాలి, అడుగు పైకెత్తాల్సి వస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకోటి, అదే నూలుతో అదే ముడితో అరచేతంత ముక్కలు కొన్ని చేసి గుమ్మం దగ్గర టేబుల్ మీద పెట్టు, మురికైతే మార్చెయ్యడానికి స్పేర్‌వి కూడా ఉంచుకో. చేతి దురద అక్కడ తీరిపోతే లోపల బొమ్మలు బతుకుతాయి.

ఇప్పుడు ఎర్ర కుర్చీ. తెల్ల నూలుగుడ్డ కొంచెం తడిపి సీటు మీద గట్టిగా రుద్దు, తర్వాత పొడిగుడ్డతో కూడా. గుడ్డకి గులాబీ రంగు అంటిందా, ఇక దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వకు, బల్ల ఎక్కించెయ్. ఎవరో లేత రంగు ప్యాంటు వేసుకుని లేచి వెళ్ళాక నువ్వు సారీ చెప్పుకోవడం ఎందుకు.

బట్ట శిల్పం చూసి అందరూ మొదట అడిగేది "ఇది ఎలా నిలబడింది" అనే. దాన్ని దాచకు, లేబుల్ మీదే రాయి. డచ్ డిజైనర్ మార్సెల్ వాండర్స్ 1996లో చేసిన నాటెడ్ చైర్ చూడు, చూడ్డానికి తాళ్ళ అల్లికే, కానీ ఆ తాడు మధ్యలో కార్బన్ ఫైబర్ అనే గట్టి పోగు ఉంది, అల్లినదాన్ని ఎపాక్సీ అనే ఆరితే గట్టిపడే జిగురులో ముంచి ఫ్రేమ్‌కి వేలాడదీసి ఆరబెడితే కుర్చీ ఆకారంలో గట్టిపడింది. ఇటలీ డిజైనర్ గెటానో పెషే 1987లో ఫెల్ట్‌తో, అంటే ఒత్తి చేసిన ఉన్ని గుడ్డతో, చేసిన కుర్చీలకి కింద భాగం రెసిన్, అంటే అలాంటి జిగురే, పట్టించి గట్టిగా ఉంచి పైన మెత్తగా వదిలేశాడు. మన శిల్పి మృణాళినీ ముఖర్జీ అయితే ముందు స్కెచ్ కూడా గీసుకోకుండా నారతాడు చేత్తో ముడులేసుకుంటూ పోయి మనిషిని మించిన బొమ్మలు చేసింది, లోపల లోహం ఆసరా ఉండేది. ఇవన్నీ తెలిస్తే మనిషి ఇంకో రెండు నిమిషాలు నిలబడి చూస్తాడు. ఏవేవో కలిపి చేశామన్నట్టు "మిక్స్‌డ్ మీడియా" అని రాసి ఊరుకోవడం నాకు ఒళ్ళుమంట.

వేలాడదీసేవాటికి ఇంకో గొడవ ఉంది, సొంత బరువుకే సాగిపోతాయి. షో ఎన్నాళ్ళో అన్నాళ్ళు ఇంట్లో ముందే వేలాడదీసి, కింది అంచు ఎక్కడుందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకో. గీత దాటి కిందకొస్తుంటే రెండు మేకుల మీద కాకుండా పైనంతా పట్టీ కుట్టి బరువు సమంగా పడేలా చెయ్యి. గోడకి ఆనించకు కూడా. పోలండ్ కళాకారిణి మాగ్దలేనా అబకనోవిచ్ 1960లలో సైసల్ అనే మొక్క నారతో నేసిన భారీ పనులు గోడ వదిలి గది మధ్యలోకొచ్చాయి, చుట్టూ తిరిగితేనే వాటి సంగతి తెలుస్తుంది. నీ పెద్ద బొమ్మకీ ఆ చోటు కావాలి, దానికోసం రెండు స్టూళ్ళు తీసెయ్యాల్సొచ్చినా తీసెయ్. అన్నీ పెడితే ఫర్నిచర్ షాపులా ఉంటుంది.

లైటింగ్ విషయంలో గ్యాలరీ వాళ్ళు ధగధగలాడించాలని చూస్తారు, ఒప్పుకోకు. మ్యూజియంలు బట్టలకి పెట్టుకునే హద్దు 50 లక్స్ (లక్స్ అంటే వస్తువు మీద పడే వెలుతురు కొలత), వెలిసిన రంగు చీకట్లో దాచినా తిరిగి రాదు. 50 అంటే మసకగా ఉంటుంది కాబట్టి గుమ్మం దగ్గర కూడా వెలుతురు తగ్గించమను, కళ్ళు అలవాటు పడతాయి. నెత్తి మీంచి కాకుండా పక్క నుంచి పడితే ముడుల నీడలు లేస్తాయి.

ఉన్నివి ఉంటే పురుగు చూసుకో. అనుమానం వస్తే గాలి చొరని కవర్లో కట్టి మైనస్ 20 డిగ్రీల్లో కనీసం వారం ఉంచాలి, తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకు, చెమ్మ పట్టేస్తుంది. నిప్పు అంటుకోని పూత కావాలని గ్యాలరీ అడుగుతుందేమో ఇప్పుడే కనుక్కో, అడిగితే ముందు చిన్న ముక్క మీద కొట్టి చూడు, రంగు మారొచ్చు, మరకలు తేలొచ్చు.

రేటు సంగతి, గ్యాలరీ కమిషన్ సగం దాకా కూడా ఉంటుంది, అది కలుపుకుని చెప్పు, ఇంటి దగ్గర కొన్నా అదే రేటు. నీ గంటలు లెక్కేసుకోవడానికి మొహమాటపడకు.

పెట్టే రోజు సూది, ప్రతి రంగు నూలు కొంచెం, స్టీమర్, దుమ్ము తీసే రోలర్ తీసుకెళ్ళు. ఓపెనింగ్‌కి మాత్రం నల్లబట్టలు వేసుకోకు, ఆ తెల్ల ఉన్ని పీచంతా నీకే అంటుకుని ఫోటోల్లో కనిపిస్తుంది.

నీ మేనత్త