బస్సెక్కితేనే వాంతులయ్యే అమ్మను క్రూజ్‌కి తీసుకెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు, బాల్కనీ గది మాత్రం వద్దు

విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్ళే క్రూజ్‌కి అమ్మను తీసుకెళ్తున్నామనీ, ఆవిడకు బస్సెక్కితేనే వాంతులనీ, ఓడలో ఎలా తట్టుకుంటుందనీ కదా మీ ప్రశ్న. తట్టుకుంటారు. కానీ ప్రశ్న చివర్లో మీరు మురిపెంగా ఓ మాట రాశారు, "పై అంతస్తులో, ముందు వైపు బాల్కనీ గది తీసుకున్నాం" అని. నాకు భయం వేసింది అక్కడ. వీలుంటే ఆ గది మార్చేయండి.

నేను క్రూజ్ ఎక్కలేదు. మాది కవిటి దగ్గర పల్లె, ఉద్దానం. మా వైపు ఓడంటే విహారం కాదు, అండమాన్‌లో చుట్టాలింటికి వెళ్ళే దారి. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా ఇళ్ళలో ఇంకా పోర్ట్ బ్లెయిరే. అక్కడ బజారులో తెలుగు వినిపిస్తే ఏ ఊరని అడిగి చూడండి, చాలామంది సోంపేట, పలాస, కవిటి అనే చెబుతారు. మా మావయ్య కుటుంబం కూడా అక్కడే స్థిరపడింది. విశాఖలో ఎక్కితే దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. ఈత కొలను, డాన్సు హాలు ఏమీ ఉండవు. సముద్రం మాత్రం మీ క్రూజ్ వెళ్ళే బంగాళాఖాతమే.

మా అమ్మ కూడా మీ అమ్మగారి లాంటిదే. సోంపేట నుంచి శ్రీకాకుళం బస్సులో వెళ్ళాలంటే కిటికీ పక్క సీటు, చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో కవరు ఉండాల్సిందే. మావయ్య కూతురి పెళ్ళికి ఆవిడనూ, మా పెద్దమ్మనూ ఓడలో తీసుకెళ్ళాను. జూన్ నెల, నైరుతి గాలి మొదలైన రోజులు. పెద్దమ్మకు ఆ దారి బాగా అలవాటు. అమ్మకు అదే మొదటిసారి. మాకు దొరికింది బంక్ క్లాస్, అంటే ఓడ కింది భాగంలో పెద్ద హాలు, రెండేసి అంతస్తుల మంచాలు, వరసగా జనం. టికెట్లు చూసి మా బావ "ఇంత చవకలో తీసుకెళ్తావా ఆడాళ్ళని" అని నలుగురిలో అనేశాడు. ఆయన ఈ జవాబు చదివితే బాగుండును.

అమ్మ సొంతంగా ఒక ఉపాయం ఆలోచించుకుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. "కడుపులో ఏటీ లేకపోతే ఏటొస్తాది?" అని ఆవిడ లెక్క. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఈపాటికి ఈ సలహా ఇచ్చే ఉంటారు. వినకండి. అంతకంటే చెడ్డ సలహా ఇంకోటి లేదు.

హార్బర్ లోపల ఉన్నంతసేపు ఓడ కదులుతున్నట్టే తెలియదు. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి బయటపడేదాకా అందరూ డెక్ మీదే ఉన్నారు, సెల్ఫీలు, వీడియో కాల్స్, కేకలు. కొండ వెనకబడ్డాక మొదటి పెద్ద అల వచ్చి ఓడ ముక్కు పైకి లేచి దిగింది. ఇంకో నాలుగు అలలయ్యేసరికి కేకలు ఆగిపోయాయి. అంతసేపూ బిరియానీ పొట్లాలు విప్పుకుని నవ్వుకుంటున్న కుర్రాళ్ళ గుంపు ఒక్కొక్కరే రెయిలింగ్ వైపు నడిచారు. అది కూడా గాలికి ఎదురుగా. ఆ పక్కన నిలబడ్డవాళ్ళ సంగతి నేను చెప్పను.

అమ్మ రాత్రి దాకా బిగబట్టింది. తర్వాత మొదలైంది. లోపల ఏమీ లేదు కాబట్టి పసరు తప్ప ఏదీ రాదు, డోకులు మాత్రం ఆగవు. తిన్నది బయటికి వస్తే కాసేపైనా తెరిపి ఉంటుంది, ఖాళీ డోకులకు అదీ లేదు. పెద్దమ్మ లేచి వచ్చి, "ఖాళీ కడుపుతో సముద్రం ఎక్కుతారేటే? బుద్దుందా?" అని మొదలెట్టింది. "అప్పా, తిట్టకే, సచ్చిపోతన్నాను" అని అమ్మ. పెద్దమ్మ ఆవిణ్ణి కింది మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలకు రెండు వైపులా బట్టల మూటలు పెట్టింది, తల అటూ ఇటూ దొర్లకుండా. "కళ్ళు మూసుకుని తొంగో. మాటాడకు." పావుగంట ఆగి గుప్పెడు మురీలు (మరమరాలు), నాలుగు గింజల చొప్పున నోట్లో వేసింది. తర్వాత రెండు గుక్కల నీళ్ళు, బెల్లంలో నొక్కిన చిన్న అల్లం ముక్క.

అయినా హాల్లో ఇంకో శత్రువు ఉంది. ఏసీ హాలు, మూసిన తలుపులు, ఎక్కడి నుంచో పండిన పనసపండు వాసన. ఉద్దానం వాళ్ళకు పనస వాసన అంటే ప్రాణం, కానీ ఆ రాత్రి ఆ వాసనకే చుట్టూ ఉన్నవాళ్ళంతా కవర్లు పట్టుకున్నారు. ఎవరిదని వెతికితే పెద్దమ్మదే! తమ్ముడికని గోనెసంచిలో కట్టి మంచం కింద దాచింది. అందరికీ వైద్యం చేస్తున్న మనిషి మంచం కింద అసలు రోగం ఉంది. అడిగితే "పండు ఏటి సేసింది, సముద్రం గానీ" అంది. చివరికి దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కి డెక్ మీదికి నేనే మోశాను. అక్కడ గాలి తగిలాక నాకూ ప్రాణం లేచొచ్చింది.

అసలు నేను చెప్పాలనుకున్నది దీని తర్వాత జరిగింది. అర్ధరాత్రి దాటాక పైనుంచి ఒక కొత్త జంట దిగారు, రాజాం వైపు వాళ్ళు. పై డెక్‌లో మంచి క్యాబిన్, కిటికీ, పరుపు, అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయి నిలబడలేకపోతోంది. "మీ దగ్గర మాత్ర ఏదైనా ఉందా బాబాయ్" అని కుర్రాడు ఎవర్నో అడుగుతుంటే పెద్దమ్మ అందుకుంది. "మాత్ర తర్వాత. ముందు ఈ గుంటని ఇక్కడ పడుకోబెట్టు నాయినా." ఖాళీ బంక్ ఒకటుంటే అందులో పడుకోబెట్టారు. అరగంటలో ఆ అమ్మాయి నిద్రపోయింది. తెల్లారాక వాళ్ళు తమ క్యాబిన్‌కి వెళ్ళామన్న పేరు చేసి, తాళం వేసుకుని మళ్ళీ మా దగ్గరికే వచ్చేశారు.

ఇందులో మాయేమీ లేదు. పార్కులో పిల్లలెక్కే తూగుడు బల్ల (సీ-సా) చూశారు కదా, రెండు చివర్లూ ఎగిరెగిరి పడతాయి, మధ్యలో కూర్చున్నవాడికి పెద్దగా తెలియదు. ఓడ ముక్కు, తోక ఆ చివర్లు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ పక్కలకు ఊగడం కూడా ఎక్కువ. కాబట్టి ఓడ పొడవులో మధ్యన, వీలైనంత కింది అంతస్తులో ఉన్న గదే అన్నిటికంటే నిమ్మళం. ఏజెంట్లు ఎక్కువ రేటుకు అమ్మేది పై గదులు, చవగ్గా ఇచ్చేది ఈ కింది గదులు. అంటే వాంతుల మనిషికి చవక గదే రాజభోగం! పెద్ద క్రూజ్ ఓడలకు పక్కలకు ఊగడాన్ని తగ్గించే రెక్కల్లాంటివి (స్టెబిలైజర్లు) నీళ్ళలో ఉంటాయి, నిజమే. ముందుకూ వెనక్కూ లేచి పడటాన్ని అవి పెద్దగా ఆపలేవు. ఏజెంటు "స్టెబిలైజర్ ఉంది సార్, అస్సలు తెలియదు" అంటే ఆ ముక్క అడగండి.

అసలు ఈ తిప్పడం ఎందుకంటే, లోచెవిలో ఒంటి కదలికను పసిగట్టే భాగం "ఊగుతున్నాం" అంటుంది, గదిలో గోడను చూస్తున్న కళ్ళు "లేదు, కదలడం లేదు" అంటాయి. ఆ తగాదా తీర్చలేక మెదడు కడుపు మీద పడుతుంది. అందుకే పగలు డెక్ మీద నిలబడి, నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూస్తూ ఉంటే తగ్గుతుంది, అప్పుడు కళ్ళూ చెవీ ఒకే మాట చెబుతాయి. రాత్రి ఆ గీత కనబడదు కాబట్టి కళ్ళు మూసుకుని పడుకోవడమే. ఫోన్ మాత్రం అస్సలు వద్దు. "అమ్మమ్మా ఈ రీల్ చూడు" అని పిల్లలు ముఖం ముందు పెట్టేస్తారు. పదిహేను సెకన్ల రీల్‌కి రెండు గంటల వికారం. ఓడ ఎక్కి కూడా ఓడ వీడియోలు చూసే జనాన్ని ఏమనాలో నాకు తెలియదు.

మాత్రల సంగతికొస్తే, అవోమిన్ లాంటివి వాంతి మొదలయ్యాక వేస్తే లాభం తక్కువ, మాత్రే బయటికి వచ్చేస్తుంది. ఎక్కే ముందు రాత్రి పడుకోబోయేటప్పుడు గానీ, కనీసం గంటా రెండు గంటల ముందు గానీ వేయాలి. మెడికల్ షాపులో వాంతులనగానే ఆన్‌డాన్‌సెట్రాన్ చేతిలో పెట్టేస్తారు. అది వేరే రకం వాంతులకు మంచి మందే, ప్రయాణపు తిప్పుడుకు అంతగా పనిచేయదు. అవోమిన్‌కి మత్తు వస్తుంది, నోరు ఎండుతుంది. అమ్మగారికి గ్లాకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) గానీ, నాన్నగారికి ప్రోస్టేట్ ఇబ్బంది గానీ ఉంటే డాక్టర్ని అడగకుండా వేయొద్దు. బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే కూడా ఒక మాట అడగండి. వాంతులు ఆగకపోతే గదిలోనే కూర్చోబెట్టకుండా ఓడ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఇంజెక్షన్ ఇస్తారు. మణికట్టు పట్టీలు కొందరు అమ్ముతుంటారు. అవి పనిచేస్తాయనే వాళ్ళూ ఉన్నారు, నాకు నమ్మకం లేదు. అల్లం మీద నాకు నమ్మకం ఉంది, అది పెద్దమ్మ మీద నమ్మకమే అనుకోండి.

తిండి విషయంలో క్రూజ్ వాళ్ళ బఫేయే పెద్ద ప్రమాదం. డబ్బు కట్టాం కదా అని నూనె కూరలు, క్రీములు, ఐస్‌క్రీములు అన్నీ పెట్టేసుకుంటారు. అమ్మగారికి ఇడ్లీ, పెరుగన్నం, బిస్కట్లు, మధ్యమధ్యలో గుప్పెడు మురీలు చాలు. కొంచెం కొంచెంగా, కడుపు ఖాళీ కాకుండా. చార్లెస్ డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో లోకం చుట్టి వచ్చాడు కదా, ఆయనకూ ఓడ పడేది కాదు. బాగా తిప్పిన రోజుల్లో బిస్కట్లు, ఎండుద్రాక్ష తప్ప కడుపు ఒప్పుకోలేదని వాళ్ళ నాన్నకు ఉత్తరం రాశాడు. మా పెద్దమ్మ మురీల సంచికీ అదే లెక్క.

"మాకు అలవాటు లేదు కాబట్టి ఇలా" అని అమ్మగారు సిగ్గుపడితే ఊరుకోకండి. భావనపాడు దగ్గర నా స్నేహితుడొకడు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద వేటకు వెళ్తాడు. పుట్టినప్పటి నుంచీ సముద్రమే. అలాంటివాడు ఇంటి దగ్గర కొన్నాళ్ళు ఉండి మళ్ళీ బోటెక్కితే మొదటి రోజు వాడికీ తిప్పుతుందట. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్ళు సర్దుకుంటుంది. చిక్కేమిటంటే మీ క్రూజ్ సర్దుకునేలోపే అయిపోవచ్చు. మా అమ్మ మూడో రోజు పొద్దున పులిహోర అడిగింది, మధ్యాహ్నానికి ఒడ్డు కనబడింది.

తేదీ ఇంకా మీ చేతిలో ఉంటే జనవరి నుంచి మార్చి మధ్యలో పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి అలలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం. 2018 అక్టోబర్‌లో తిత్లీ మా తోటలను ఏం చేసిందో చూసినవాణ్ణి, ఆ నెలల్లో "ఆఫర్ ఉంది సార్" అన్నా నేనైతే వెళ్ళను.

ఇంకోటి, ఓడ దిగాక కూడా కొందరికి నేల ఊగుతున్నట్టే ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లో హాడో జెట్టీ దగ్గర దిగిన అమ్మ మావయ్య ఇంటి గుమ్మం పట్టుకుని "మీ ఇల్లు కూడా ఊగతందిరా" అంది, పెళ్ళివాళ్ళంతా నవ్వారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చెన్నైలో దిగిన రోజే మెట్లూ క్యూలూ ఉన్న గుళ్ళు, మహాబలిపురం ఎండ పెట్టుకోకండి. ఆ పూట గదిలో పడుకోనిచ్చి, రైలు మర్నాటికి బుక్ చేయండి.