రెండు లక్షల బ్యాగు: మేనకోడలికి మేనత్త ఉత్తరం

కోడలు పిల్లా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నీ మీద చాడీలు చెప్పింది. "బోనస్ పడిందో లేదో రెండు లక్షలు పెట్టి హ్యాండ్‌బ్యాగు కొంటానంటోంది వదినా, నువ్వైనా చెప్పు" అని. తెల్లారేసరికి నీ మెసేజ్: "అత్తా, నువ్వు అమెరికాలో బ్యాగులే కదా అమ్మావు. కొనచ్చా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు." ఒక్క ముక్కలో అయితే, నువ్వు ఫొటో పంపిన ఆ ఫ్రెంచి కంపెనీ బ్యాగు, లూయీ విటాన్ నెవర్‌ఫుల్, వద్దు. ఎందుకు వద్దో మాత్రం ఒక్క ముక్కలో అవదు. తీరిగ్గా చదువుకో.

ముందు మీ అమ్మ సంగతి. "అంత డబ్బు తగలేస్తావా" అని అడిగే హక్కు ఆవిడకి లేదు. మీ అక్క పెళ్ళికి ఎనభై వేలు పోసి కొన్న కంచి పట్టుచీర ఇప్పటికి ఎన్నిసార్లు కట్టిందో అడుగు. నాకు తెలిసి రెండుసార్లు. మడత మార్చడానికి బీరువాలోంచి తీసినప్పుడల్లా చూసి మురిసిపోతుంది, అదీ ఒక సుఖమే. ముచ్చటకి ఖర్చు పెట్టడం నేరమైతే మన ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కరూ మిగలరు. నా పేచీ ఖర్చుతో కాదు, ఆ ఖర్చుకి నీ చేతికి ఏం వస్తోందన్న దానితో.

ఎడిసన్ దగ్గర మాల్‌లో, ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ హ్యాండ్‌బ్యాగుల కౌంటర్‌లో పదిహేనేళ్ళు నిలబడ్డాను. వచ్చినవాళ్ళు బ్యాగు భుజాన వేసుకుని అద్దంలో చూసుకునేవారు, తర్వాత ట్యాగు తిప్పి ధర చూసేవారు. జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టేవాళ్ళు అరుదు. కుట్టు చూసేవాళ్ళు ఇంకా అరుదు. పోలండ్ దేశపు ముసలావిడ ఒకావిడ మాత్రం వచ్చినప్పుడల్లా ప్రతి బ్యాగునీ తలకిందులు చేసి అడుగు చూసేది, పట్టీని గుంజి చూసేది, ఏదీ కొనకుండా వెళ్ళిపోయేది. మా మేనేజర్‌కి ఆవిడంటే ఒళ్ళు మంట. నేను బ్యాగు చూడటం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

సరే, నువ్వడిగిన లూయీ విటాన్ నెవర్‌ఫుల్. అది తోలు బ్యాగని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. కాదు. నూలు గుడ్డ మీద పీవీసీ పూత వేసిన కాన్వాస్ అది. పిడులూ అంచులూ మాత్రమే తోలు. కంపెనీ ఏమీ దాచలేదు, వాళ్ళు కాన్వాస్ అనే చెబుతారు, మనమే అడగం. గుడ్డ గట్టిదే, ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. కానీ నువ్వు రోజూ ఆఫీసుకి లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా మోసుకుపోయేదానివి. దాని పిడులు సన్నం, బరువు వేస్తే భుజం కోసుకుపోతుంది. పైన పొడవునా జిప్పు లేదు, మధ్యలో ఒక్క కొక్కెం. అమీర్‌పేట మెట్రోలో సాయంత్రం ఆరింటికి నోరు తెరుచుకున్న బ్యాగుతో ఎక్కుతావా? ఇంక ఆ పిడుల తోలు రంగు వేయనిది. చినుకు పడితే మచ్చ, చేతి చెమటకి నలుపు. ఫ్రాన్స్ వాళ్ళకది అందంగా ముదరడం. మన ఎండావానల్లో అది జిడ్డు.

ఇంకో తమాషా చెబుతాను. ఆ బ్యాగు నిండా ఉండే అక్షరాలూ పూల గుర్తులూ 1896లో ఆ కంపెనీ పెట్టినాయన కొడుకు జార్జ్ విటాన్ వేయించాడు. ఎందుకో తెలుసా? నకిలీలు చేసేవాళ్ళని అడ్డుకోవడానికి. ఇప్పుడు ఏ ఊరి ఫుట్‌పాత్ మీద చూసినా అదే డిజైను. నువ్వు రెండు లక్షలు పెట్టి కొన్నదీ, నీ పక్క సీటావిడ రెండు వేలకి కొన్న ఫస్ట్ కాపీ కూడా మెట్రోలో ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా తెలిసేది నీకూ నీ బ్యాంకుకీ మాత్రమే. అలాగని ఫస్ట్ కాపీ కొనమనడం లేదు, ఆ ఆలోచన కూడా పెట్టుకోకు. ఇటలీలో అయితే నకిలీ అమ్మినవాళ్ళకే కాదు, కొన్నవాళ్ళకీ జరిమానా వేస్తారు. ఆ సంగతి అటుంచితే, ఎవరైనా దగ్గరగా చూస్తే ఎలాగా అన్న టెన్షన్ డబ్బిచ్చి మరీ కొనుక్కోవడం ఎందుకు?

డబ్బు ఎటు పోతోందో చూడు. 2024లో మిలాన్ కోర్టు డియోర్ అనే ఇంకో ఖరీదైన కంపెనీ వాళ్ళ బ్యాగులు కుట్టించే ఇటలీ కంపెనీ మీద పర్యవేక్షణ పెట్టింది. వీళ్ళ సబ్‌కాంట్రాక్టర్ల వర్క్‌షాపుల్లో మనుషుల్ని అన్యాయంగా వాడుకుంటున్నారని దర్యాప్తులో తేలింది. షాపులో 2,600 యూరోలకి అమ్మే ఒక బ్యాగుకి ఆ వర్క్‌షాపుకి ముట్టింది 53 యూరోలు. తోలు ఖర్చు వేరే, డిజైను వేరే, షాపు అద్దెలు, ప్రకటనలు వేరే, అన్నీ కలుపుకో. అయినా 53కీ 2,600కీ మధ్య ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పేరు కిందే పోతుంది. ఆ ధరలైనా ఒకచోట ఆగవు. షనెల్ అనే కంపెనీ వాళ్ళ క్లాసిక్ ఫ్లాప్ బ్యాగు మీడియం సైజు 2024లో 10,000 యూరోలు దాటింది, అంతకు ఐదేళ్ళ ముందు దాదాపు అందులో సగం. బ్యాగు అదే, గొలుసు అదే.

పనితనం అసలు లేదనను. ఎర్మెస్ అనే ఫ్రెంచి కంపెనీ వాళ్ళు 1837లో గుర్రాల జీను సామాన్లు కుట్టే దుకాణంగా మొదలయ్యారు, ఆ కుట్టు ఇప్పటికీ వదల్లేదు. ఒకే దారం, రెండు కొనలకి రెండు సూదులు, ప్రతి రంధ్రంలోంచీ ఎదురెదురుగా రెండూ దూరుస్తారు. దారానికి తేనెమైనం పట్టిస్తారు. ఒకచోట తెగినా పక్క కుట్టు అలాగే నిలబడుతుంది. మిషన్ కుట్టు అలా కాదు, పై దారం కింద దారాన్ని పట్టుకుని ఉంటుంది, ఒకచోట తెగితే ఊడుతూ పోతుంది. ఆ పని చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అయితే వాళ్ళ బిర్కిన్ బ్యాగు నీ రెండు లక్షలకి రాదు, దాని మాట ఇక్కడ వద్దు. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆ బ్యాగు పేరు జేన్ బిర్కిన్ అనే నటిది. ఆవిడ కోసం చేసిన మొట్టమొదటి బ్యాగుని 2025 జూలైలో పారిస్‌లో వేలం వేస్తే 86 లక్షల యూరోలు పలికింది, మన డబ్బులో 80 కోట్లకు పైమాటే. గీతలు పడ్డ బ్యాగు, స్టిక్కర్లు అంటించి పీకేసిన మరకలు, పట్టీకి గోళ్ళు కత్తిరించుకునే కట్టరు వేలాడుతోంది! బ్యాగుని అంత మొరటుగా వాడుకుంది ఆవిడ.

నువ్వు మెసేజ్‌లో "ఇది ఇన్వెస్ట్‌మెంట్ కూడా అత్తా" అన్నావు. ఆ ముక్కకే నాకు కోపం వచ్చింది. రీల్స్‌లో చూపించేది రెండు మూడు కంపెనీల రెండు మూడు మోడళ్ళ సంగతి. మిగతావి చాలావరకు షాపు గుమ్మం దాటగానే ధర దిగిపోతాయి. కాసు బంగారం కొంటే తరుగూ మజూరీ పోగా మిగిలింది కాకినాడలో అమ్మినా కరీంనగర్‌లో అమ్మినా ఒకటే రేటు. బ్యాగు అమ్మాలంటే బిల్లు కావాలి, డబ్బా కావాలి, దాని సంచి కావాలి, మూలలు అరగకూడదు, పైగా అమ్మిపెట్టినవాడికి కమీషన్. ఆదాయపు పన్ను వాళ్ళు కూడా బ్యాగుని గడియారాలూ చలువ కళ్ళజోళ్ళ సరసనే కూర్చోబెట్టారు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన బ్యాగు కొంటే ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడే మన దగ్గర వసూలు చేసి కట్టే పన్ను. నీది అంతదాకా రాదులే.

నా కథ కూడా విను. 2011లో స్టాఫ్ డిస్కౌంట్ ఉంది కదా అని పన్నెండు వందల డాలర్లు పెట్టి ఒక పేరున్న బ్యాగు కొన్నాను. ఏ కంపెనీయో చెప్పను. మీ మావయ్యకి ఆరు వందలని చెప్పాను (ఇప్పటికీ అదే అనుకుంటున్నారు, నోరు జారకు). దాన్ని ఎంత అపురూపంగా చూసుకున్నానంటే, కింద పెట్టాల్సి వస్తుందని గుడికి తీసుకెళ్ళలేదు, నూనె మరకలు పడతాయని భోజనాలకి తీసుకెళ్ళలేదు. 2019లో కాకినాడ వచ్చాక బీరువాలో పెట్టాను. మూడు వానాకాలాలు దాటాక తీస్తే లోపలి లైనింగు బెల్లం పాకంలా చేతికి అంటుకుంది. కంపెనీకి ఫొటోలు పంపితే ఆ మోడల్‌కి రిపేర్లు చేయం అన్నారు. చివరికి మెయిన్ రోడ్డులో బ్యాగులు కుట్టే ఆయన ఆ జిగురంతా గీకి, నూలు గుడ్డతో కొత్త లైనింగు వేశాడు. ఏడు వందలు తీసుకున్నాడు. బయటివాళ్ళు చెయ్యి పెట్టిన బ్యాగుని కంపెనీ ఇంక ముట్టుకోదు, పాత బ్యాగులు కొనేవాళ్ళూ కొనరు. అంటే దాని విలువ సున్నా. ఆ రోజు నుంచే దాన్ని వాడటం మొదలుపెట్టాను. రైతుబజారుకి కూడా అదే, కొత్తిమీర కట్ట పైకి కనిపిస్తూ ఉంటుంది.

మరేం కొనాలి అంటావా. పది పన్నెండు వేలలో అసలు తోలు బ్యాగు కొను. పుదుచ్చేరిలో 1978లో మొదలైన హైడిజైన్ లాంటివాళ్ళవి చూడు. బెరడూ కాయల రసాలతో పదును చేసిన తోలు వాడతారు, వాడేకొద్దీ నిగ్గు తేలుతుంది. వాళ్ళవే కొనమని కాదు, ఎవరివైనా సరే ఆ పోలండ్ అవ్వలా చూడు. "జెన్యూన్ లెదర్" అన్న ముద్ర చూసి మోసపోకు, అది తోలు అని చెబుతుంది తప్ప మంచి తోలని చెప్పదు. "ఫుల్ గ్రెయిన్", అంటే పై పొర గీకేయని తోలు, ఉందా అని అడుగు. వేలితో నొక్కితే సన్నటి ముడతలు పడి మళ్ళీ సర్దుకోవాలి. రంగు వేయని అంచు ఎక్కడైనా కనిపిస్తే చూడు, తోలైతే పీచు కనిపిస్తుంది, రెగ్జిన్ అయితే గుడ్డ పొర బయటపడుతుంది. పీయూ అనే ప్లాస్టిక్ పూత ఉన్నవి మన కోస్తా ఉక్కలో నాలుగైదేళ్ళకి పొరలుగా రాలతాయి. పట్టీ బ్యాగుకి కలిసే చోట కుట్టు డబుల్‌గా ఉండాలి, ముందు ఊడేది అక్కడే. జిప్పు పదిసార్లు లాగు. లోపలి గుడ్డ లేత రంగుదైతే తాళాలు వెతుక్కునే బాధ తప్పుతుంది. నీ లాప్‌టాప్ షాపుకే పట్టుకెళ్ళి అందులో పెట్టి, అయిదు నిమిషాలు భుజాన వేసుకుని తిరుగు. సేల్స్ అమ్మాయి విసుక్కున్నా పట్టించుకోకు, నేనూ విసుక్కునేదాన్ని.

కొన్నాక పాలిథిన్ కవర్లో పెట్టకు, బూజు పడుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టు. పక్కన కలరా ఉండలు వద్దు.

ఇవన్నీ విన్నాక కూడా ఆ నెవర్‌ఫులే కావాలనిపిస్తే, కొనుక్కో. కానీ ఈఎంఐలో వద్దు, "నో కాస్ట్" అన్నా వద్దు. బోనస్‌లో సగానికి మించకుండా, ఏడాది ఆగి కొను. పాతది కొంటే 2021 మార్చి తర్వాత తయారైన వాటిలో డేట్ కోడ్ (ఎక్కడ, ఎప్పుడు చేశారో చెప్పే లోపలి ముద్ర) ఉండదు, చిప్ ఉంటుంది. కొత్త బ్యాగులో డేట్ కోడ్ ఉందని ఎవరైనా చూపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. పారిస్ వెళ్ళే ఫ్రెండు చేత తెప్పించుకుంటానన్నావు, అది అసలు వద్దు. అక్కడ టూరిస్టులకి వెనక్కొచ్చే వ్యాట్ పన్ను చూసి మురిసిపోతారు గానీ, శంషాబాద్‌లో డ్యూటీ కట్టాల్సింది ఆ పిల్లే. నీ బ్యాగు కోసం ఇంకొకళ్ళ పిల్లని కస్టమ్స్ ముందు నిలబెట్టకు.

శనివారం షాపుకి వెళ్తే మూడు ఫొటోలు పంపు: లోపలి కుట్టు, పట్టీ మొదలు, బ్యాగు అడుగు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా నిద్రపోతాను, ఆ టైమ్‌లో మాత్రం ఫోన్ చెయ్యకు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే. ముందు ఆ కంచి పట్టుచీర సంగతి ఎత్తుతాను, తర్వాత నీ సంగతి దానంతటదే సర్దుకుంటుంది.

మీ అత్త