ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే ఒంటిమిట్ట వెన్నెల పెండ్లికి వెళ్లండి

ఉగాదికీ శ్రీరామనవమికీ వచ్చే సెలవుల్లో ముసలివాళ్లను, పిల్లలను, ఒకటి రెండు స్నేహితుల కుటుంబాలను వెంటబెట్టుకొని రాయలసీమలో ఎక్కడికి వెళ్తే బాగుంటుంది, రెండు రోజుల్లో ఎన్ని చోట్లు చూడవచ్చు అని అడిగారు. నేను కడపలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. ఎన్ని చూడవచ్చు అన్న లెక్కను పక్కన పెట్టి, చైత్రంలో ఒక్క సాయంత్రం ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి వెళ్లి నింపాదిగా కూర్చోండి.

మా వైపు చైత్రం పగటిపూట తిరిగే కాలం కాదు. పొద్దు కాస్త ఎక్కేసరికే బండలు కాలడం మొదలవుతుంది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడాలంటే తెల్లవారుజామునైనా పోవాలి, పొద్దు వాలాకైనా పోవాలి. బెలూం గుహల్లోని ఉక్క పెద్దవాళ్లకు పడదు. ఇవన్నీ తెలిసి కూడా, ఉగాది సెలవు వచ్చిందంటే చాలు, గండికోట, బెలూం, యాగంటి, మహానంది అంటూ నాలుగైదు చోట్లను ఒకే వ్యానులో కుక్కి తిప్పేవాళ్లు బయలుదేరుతారు. ముసలివాళ్లు మోకాళ్లు పట్టుకొని దిగడం, ఎక్కడం, పిల్లలు కిటికీలోంచి వాంతులు చేసుకోవడం, ప్రతిచోటా ఫోటో తీసుకొని పరుగెత్తడం తప్ప అందులో మరేమీ ఉండదు. దానిని విహారం అనడానికి నాకు మనసొప్పదు. చల్లబడ్డాక బయలుదేరి, ఒకచోట కూర్చొని, ఇంటి నుంచి తెచ్చుకున్నది తిని, రాత్రికి ఇల్లు చేరుకోవడమే మా ప్రాంతపు వసంతానికి తగిన పద్ధతి.

ఒంటిమిట్ట కడప నుంచి రాజంపేట వెళ్లే దారిలో పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలలో ఉండటం వల్ల ఏకశిలానగరమని పేరు. రాముడు హనుమంతుణ్ణి కలుసుకోకముందే వెలసిన రూపమని చెప్పుకుంటారు గనుక గర్భగుడిలో ఆంజనేయుడు కనిపించడు. 1652లో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ గుడిని చూసి గోపురాన్ని మెచ్చుకున్నాడు. గుడి కళ తప్పి ఉన్న రోజుల్లో టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా తిరిగి, విరాళాలు పోగుచేసి, దానిని మళ్లీ నిలబెట్టినవాడు వావిలికొలను సుబ్బారావు (1863–1936). ఆయన పేరైనా తెలియకుండా లక్షల మంది ఈ గుడి ముందు నుంచి వెళ్లిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. మీరు పిల్లలను తీసుకువెళ్తే దారిలో ఆ ఒక్క కథైనా చెప్పండి. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు ఇక్కడ సమర్పిస్తోంది. అదే ఏడాది గుడి తిరుమల తిరుపతి దేవస్థానాల కిందికి వచ్చింది.

చాలా ఊళ్లలో రాముని పెండ్లి నవమి నాడు మిట్టమధ్యాహ్నం జరుగుతుంది. ఒంటిమిట్టలో మాత్రం పున్నమి వెన్నెలలో, రాత్రిపూట చేస్తారు. పాలకడలిలో లక్ష్మితో పాటు పుట్టిన చంద్రుడు, తోబుట్టువు పెండ్లి పగలు జరగడంతో చూడలేకపోయానని విష్ణువు దగ్గర కన్నీరు పెట్టుకున్నాడనీ, రామావతారంలో ఆ కోరిక తీరుస్తానని స్వామి మాట ఇచ్చాడనీ మా పెద్దలు చెబుతారు.

కొన్నేళ్ల కిందట మా ఇంటివాళ్లం, మా వీధిలోనే ఉండే నా చిన్ననాటి స్నేహితుడి ఇంటివాళ్లు కలిసి ఆ కల్యాణానికి వెళ్లాం. వాళ్లు ముస్లింలు. మా ఇంటి నుంచి చిత్రాన్నం, పెరుగన్నం, చెనిక్కాయల ఊరుబిండి కట్టుకున్నాం. స్నేహితుడి తల్లి పెద్ద జంఖానా, స్టీలు క్యాను నిండా అల్లం దంచి వేసిన మజ్జిగ తెచ్చారు. మేము కల్యాణవేదిక దగ్గరికి చేరేసరికి పడమట ఇంకా వెలుగు ఉంది, తూర్పున చంద్రుడు అప్పటికే తెల్లగా పైకి వచ్చి ఉన్నాడు. రేకుల పందిరి కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సేవకు వచ్చిన కుర్రవాడొకడు మా అవ్వ వయసు చూసి ముందు వరుసలోకి రమ్మని చేయి పట్టుకున్నాడు. ఆమె కదల్లేదు.

“ఈ పెండ్లి రాత్రిపూట పెట్టిందే సందమామ కోసం గదా నాయనా. ఆయప్పకు మనం, మనకు ఆయప్ప కనపడకుండా రేకుల కింద కూర్చుంటే ఇంగ వచ్చిందెందుకు?” అంది.

“అత్తా, మీరు చెప్పినట్లే కానీండి. ఈడ గాలి గూడా బాగుంది” అంటూ స్నేహితుడి తల్లి పందిరి అంచు దాటి, ఆరుబయట జంఖానా పరిచేశారు. అక్కడి నుంచి వేదిక దూరమే. చుట్టుపక్కల వాళ్లందరూ పెద్ద తెరల మీద చూస్తున్నారు. అవ్వ మాత్రం మైకులో వినిపించే మంత్రాలను బట్టి ఏ ఘట్టం నడుస్తున్నదో మాకు చెబుతూ కూర్చుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు అంత జనమూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మాంగల్యధారణ అప్పుడు మా అమ్మ, పక్కనున్న ఆడవాళ్లు తమ పుస్తెలను కండ్లకద్దుకున్నారు. తలంబ్రాలు మొదలయ్యాక మా పాప అవ్వ ఒళ్లో తల పెట్టుకొని ఆకాశం వైపు చూస్తూ, “అవ్వా, సందమామ ఇప్పుడు ఏడుస్తలేడు కదా?” అని అడిగింది. “యాల ఏడుస్తాడు, కండ్లారా పెండ్లి చూస్తాండాడు గదా” అని అవ్వ జవాబు. రెండు ఇండ్లవాళ్లం అదే జంఖానా మీద అన్నాలు తిన్నాం. నాలుగు ఊళ్లు తిరిగొచ్చిన పిల్లలకు ఇలాంటిది ఒక్కటైనా గుర్తుంటుందని నేను నమ్మను.

ముస్లింలు గుడికి రావడమేమిటని ఎవరికైనా వింతగా తోస్తే, ఉగాది పొద్దున దేవుని కడపకు వచ్చి చూడాలి. తిరుమలకు తొలి గడప అని పేరున్న ఆ లక్ష్మీవేంకటేశ్వరుని గుడి ముందు, బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు టెంకాయలు, పూలు, బెల్లం, చింతపండు, వేపపూత పట్టుకొని తెల్లవారకముందే బారులు తీరి ఉంటారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ గనుక స్వామి తమకు అల్లుడవుతాడని, కొత్త సంవత్సరం నాడు అల్లుడి గడప తొక్కాలని వాళ్ల నమ్మకం. నా స్నేహితుడి ఇంట్లో ఆ రోజు మాంసం వండరు. ఒంటిమిట్టలో కూడా ఇమాంబేగ్ పేరుతో ఒక బావి ఉంది. పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని ఆయన అడిగి, చెప్పినట్లే మూడుసార్లు పిలిస్తే లోపలి నుంచి “ఓ” అని బదులు వచ్చిందనీ, ఆ ఆనందంతో గుడి అవసరాలకు ఆ బావి తవ్వించాడనీ కథ. కాబట్టి మీ బృందంలో ఎవరున్నా సంకోచించకుండా కలిసి రండి. ఉగాది నాడే కడపలో ఉండగలిగితే దేవుని కడప, పున్నమికి ఒంటిమిట్ట, ఈ రెండూ చాలు.

తేదీ విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. కల్యాణం నవమి నాడు కాదు. పైగా క్యాలెండరులో పౌర్ణమి అని వేసిన రోజు కాకుండా, తరచుగా దాని ముందు రాత్రే పడుతుంది, కాబట్టి దేవస్థానం ప్రకటన చూసుకొని బయలుదేరండి. ఈ కాలంలో సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. 2018లో సరిగ్గా కల్యాణం నాడే గాలివానకు పందిళ్లు కూలి ప్రాణాలు పోయాయి. ఆకాశం నల్లబడితే తాత్కాలికంగా వేసిన పందిరి కిందికి, స్తంభాల పక్కకు ఎవరినీ పోనివ్వకండి. నీళ్లు, తినే పళ్లేలు ఇంటి నుంచే తెచ్చుకోండి. తెల్లవారేసరికి ఆ మైదానమంతా ప్లాస్టిక్ గ్లాసులే పరుచుకొని ఉండటం ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం, పుణ్యానికి వచ్చినవాళ్లు చేయదగిన పని కాదది. మూలవిరాట్టు దర్శనం ఆ సాయంత్రమే కావాలని పట్టుబట్టకండి, పెద్దవాళ్లు క్యూలో నిలబడలేరు. తీరికగా మరొక రోజు పొద్దున రావచ్చు. సొంత కారైతే చాలా దూరంలో ఆపి నడవాల్సి వస్తుంది. కడప నుంచి, రాజంపేట నుంచి ఆ రోజు ప్రత్యేకంగా ఆర్టీసీ బస్సులు నడుపుతారు, అవ్వలూ తాతలూ వెంట ఉంటే అదే మేలు.