సరుగుడు ఎండుతోంది... ఏ మందు కొట్టాలి?

ప్రశ్న: మాది భీమునిపట్నం మండలం. మూడెకరాల ఇసుక నేలలో సరుగుడు నారు నాటి రెండున్నరేళ్లయింది. ఈ వానలకు ముప్పై, నలభై చెట్లు పైనుంచి ఎండుతూ వస్తున్నాయి. మొదళ్ల దగ్గర బెరడు ఉబ్బి పగులుతోంది, లోపల నల్లటి పొడి ఉంటోంది. కాండం తొలిచే పురుగని షాపులో రెండుసార్లు పురుగుమందు, ఒకసారి చెట్లకు రోగనిరోధక శక్తి పెంచే టానిక్ ఇచ్చారు. తగ్గలేదు. ఏ మందు వాడాలి?
– ఒక రైతు, విశాఖపట్నం జిల్లా

జవాబు: ఇది పురుగు కాదు. బెరడు తినే పురుగైతే కాండం మీద పట్టుదారాల గూడు, అందులో చెక్కపొట్టు, రెట్ట కనిపిస్తాయి. చెదలైతే మట్టి పూత ఉంటుంది. మీరు చెప్పిన పొడి వేలికి మసిలా అంటుకుంటే అవి శిలీంధ్ర బీజాలే. ఇది బెరడు పొక్కు తెగులు. ట్రైకోస్పోరియం వెసిక్యులోసం అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. అనుమానం తీరాలంటే బెరడు ముక్కను కాగితంలో చుట్టి అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపించండి.

పొక్కులు లేచిన చెట్టును ఏ మందూ బతికించదు. ఇంతెత్తు చెట్టు మీద కొట్టిన స్ప్రే కాండం లోపలికి చేరదు. ఇక కొట్టడం ఆపండి.

ఎండిన చెట్లను పొడిగా ఉన్న రోజు చూసి నరకండి. మొద్దు, దగ్గరి వేళ్లు కూడా తవ్వి తీయాలి. బెరడు అక్కడే ఒలిచి అక్కడే కాల్చండి, ఒలిచిన కర్ర అమ్ముకోవచ్చు. బెరడుతో సహా బండికెత్తితే దారి పొడవునా తెగులు పంచినట్టే. జబ్బు చెట్ల చుట్టూ ఒకటి రెండు వరుసలు వదిలి, అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కందకం తీయండి. వేళ్లు ఒకదానికొకటి తగిలి తెగులు పాకుతుంది కాబట్టి ఇది తప్పనిసరి. కందకం అవతల ఉన్న మంచి చెట్ల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి, చెట్టుకు 2 లీటర్ల చొప్పున పోయండి. 15 రోజులకు మరోసారి. ఆ తర్వాత 20 రోజులు ఆగి, ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి వారం నీడలో మాగబెట్టి, తడి ఉన్న నేలలో వేయండి. రెండూ ఒకేసారి వేస్తే రాగి మందు ట్రైకోడెర్మాను చంపేస్తుంది. వానల్లో కింది కొమ్మలు కొట్టకండి, వరుసల మధ్య నాగలి పెట్టకండి. ప్రతి గాయం తెగులుకు దారి.

ఆ టానిక్ సంగతి చెప్పాలి. తెగులును తట్టుకునే గుణం చెట్టుకు పుట్టుకతో రావాలి, సీసాలోంచి రాదు. పురుగుకీ బూజుకీ తేడా చూడకుండా షాపులో ఏది ఎక్కువుంటే అది అంటగట్టడం నాకు నిత్యం ఎదురవుతున్నదే. తోటకు రాని మనిషి మాట మీద మందు కొనకండి. మీరు అసలు ఖర్చు పెట్టాల్సింది నారు మీద. తెగులున్న తోట విత్తనంతో పెంచిన చవక నారు తెస్తే మళ్లీ ఇదే కథ.

మన తీరంలో చాలాకాలంగా వేస్తున్న ఈక్విసెటిఫోలియా రకం ఈ తెగులుకు లొంగుతుంది. ఇండోనేషియా నుంచి వచ్చిన జుంగునియానా రకం తట్టుకుంటుంది. ఈ రెంటినీ కలిపి కోయంబత్తూరులోని అటవీ పరిశోధన సంస్థ (ఐఎఫ్‌జీటీబీ) సీహెచ్-1, సీహెచ్-2, సీహెచ్-5 అనే సంకర క్లోన్లు విడుదల చేసింది. నారు కొనేటప్పుడు బిల్లు మీద క్లోన్ పేరు రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనకండి.

అయితే మూడెకరాలూ ఒకే క్లోన్‌తో నింపకండి. క్లోన్ అంటే అన్నీ ఒకే చెట్టు ముక్కలు. ఒకటి లొంగితే తోటంతా పోతుంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో పైన్ చెట్లలో చూశాం. 1910లో ఫ్రాన్స్ నుంచి తెచ్చిన నారుతో పొక్కు తుప్పు తెగులు (ఇది వేరే శిలీంధ్రం) కెనడాలోని వాంకూవర్‌కు చేరి, ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో పాకింది. వెస్టర్న్ వైట్ పైన్ అనే పైన్ రకంలో సీఆర్2 అనే ఒక్క జన్యువు దాన్ని అడ్డుకుంటుందని శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. కానీ అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో చాంపియన్ మైన్ అనే చోట శిలీంధ్రమే రూపు మార్చుకుని, ఆ జన్యువున్న చెట్లను కూడా పట్టింది. అందుకే ఇప్పుడక్కడ ఆ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, తెగులును నెమ్మదిగా తట్టుకునే చెట్లను కూడా ఏరుతున్నారు. మీరూ కనీసం మూడు క్లోన్లు తెచ్చి, వేరువేరు పట్టీలుగా నాటండి.

చెట్లు మూడో వంతు దాటి ఎండితే ఆశ పెట్టుకోక తోట కొట్టేయండి. ఖాళీ అయిన చోట ఒక పంట వేరుశనగో నువ్వులో వేసి, ఆ తర్వాతే సరుగుడు నాటండి. మీటరున్నర ఎడంలో ఎకరాకు దాదాపు 1,800 మొక్కలు పడతాయి. నర్సరీలో నారు ముందే చెప్పి పెట్టుకోండి.