వెటకారమా, రెచ్చగొట్టడమా?

సందేహం: మా ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు పోస్టులు తిరిగాయి. ఒకటి: "కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. మా పంటకాలువలో పూడిక తియ్యడం మాత్రం మర్చిపోయి వెళ్ళిపోయాడు పాపం. మళ్ళీ ఆయనే రావాలి." రెండోది: "పై ఊరి చెరువులోళ్ళు ఎంత ధర్మాత్ములండీ! రాత్రిళ్ళు తూము షట్టరు ఎత్తడం వాళ్ళకి తెలీనే తెలీదంట. మన చేలే నీళ్ళొద్దంటున్నాయి. అందరికీ తెలిసిందేగా. రోషముంటే పదిమందికి పంపండి." రెండోది జనాన్ని ఎగదోసేలా ఉందంటే, "గోదారోళ్ళమండీ, వెటకారం మన సొత్తు, ఆయ్" అని కొట్టిపారేస్తున్నారు. మాటలను బట్టి తేడా తేల్చవచ్చా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

సమాధానం: చాలావరకు తేల్చవచ్చు. రెండూ వెటకారమే, ఆ మాట ఒప్పుకోవాలి. పైకి పొగుడుతూ లోపల తిట్టడాన్ని ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. "ఎంత ధర్మాత్ములండీ" అచ్చంగా అదే. అయితే వెటకారమని తేలగానే అమాయకమని తేలిపోదు.

ముందు పోస్టును తిరగేసి మామూలు వాక్యంగా రాసుకోండి. మొదటిది "మా కాలువలో చాలాకాలంగా పూడిక తియ్యలేదు" అవుతుంది. గట్టు మీదికి వెళ్ళి చూస్తే నిజమో కాదో తెలుస్తుంది. కాటన్ దొర తిరిగి రాడని రాసినవారికీ తెలుసు, చదివినవారికీ తెలుసు. దీన్ని తిరగేసి చదువుకోమని ఆ అతిశయోక్తే చెబుతోంది. రెండోదాన్ని తిరగేస్తే "పై ఊరి చెరువుల యజమానులు రాత్రిపూట దొంగతనంగా నీళ్ళు మళ్ళిస్తున్నారు" అని వస్తుంది. ఇది నేరారోపణ. ఎవరు, ఏ తూము, ఏ రాత్రి? ఒక్క వివరమూ లేదు. నేరుగా రాసివుంటే ఎవరో ఒకరు అడిగేవారు. వెటకారంలో చుట్టి ఇచ్చేసరికి నవ్వుకుని నమ్మేశారు.

ఇప్పుడు 'అంట' సంగతి చూడండి. దానికి రెండు పనులున్నాయి: ఇతరులన్న మాటను చేరవేయడం, ఆ మాటను తాను నమ్మడం లేదని తెలపడం. నీళ్ళు మంగళవారం వస్తాయని ఒక అధికారి నిజంగా చెప్పివుంటే "మంగళవారం వస్తాయంట!" అని వెక్కిరించడంలో తప్పులేదు. "తెలీనే తెలీదంట" అన్న మాట అసలు ఎవరన్నట్టు? అన్నవారెవరో పోస్టులో లేదు. అన్నారో లేదో తెలియని మాటను ఎదుటివారి నోట్లో పెట్టి, అది అబద్ధమని వెక్కిరించడమే ఇక్కడి ఎత్తుగడ. ఎవరైనా నిలదీస్తే "నేనేమన్నాను, తెలీదంట అనేగా అన్నది" అని జారుకోవడానికీ ఆ రెండక్షరాలే పనికొస్తాయి.

"తెలిసిందేగా" చివరనున్న 'గా' ఇంకా గడుసుది. రుజువు ఉండాల్సిన చోట కూర్చుని, చదివేవారి ఒప్పుకోలును అడక్కుండానే తీసేసుకుంటుంది. 'మన' కూడా గమనించదగ్గదే. మేము, మనము అనే తేడా ఉన్న భాష మనది. మొదటి పోస్టు "మా పంటకాలువ" అంది. చదివేవాడు బయట నిలబడి నవ్వుకోవచ్చు. రెండోది "మన చేలు" అనగానే అతడూ తగాదాలో ఒక పక్షం అయిపోయాడు. ఒక్క 'మన' చూసి తీర్పు చెప్పకండి, అది ఊళ్ళో అందరూ వాడే మాటే. మన, వాళ్ళు, తెలిసిందేగా మూడూ ఒకేచోట చేరితే మాత్రం అనుమానించాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి ఆధారం చివరి వాక్యం. "రోషముంటే పదిమందికి పంపండి" అన్నదాంట్లో వెటకారం లేదు. అప్పటిదాకా వంకరగా నడిచిన మాట ఒక్కసారిగా విధ్యర్థకంలోకి, అంటే ఫలానాది చెయ్యమని చెప్పడంలోకి, దిగింది; పంపనివాడికి రోషం లేదని ముందే ముద్ర వేసింది. వెటకారం ఎక్కడ ఆగిందో, ఆగాక ఏం చెయ్యమందో చూస్తే రాసినవారి పని ఏమిటో బయటపడుతుంది. మొదటి పోస్టు ఎవరినీ ఏమీ చెయ్యమనలేదు, ఒక్క కాటన్ దొరని తప్ప.

పొరపడే చోట్లూ ఉన్నాయి. నోటిమాటలో గొంతు విరుపు, అంటే కాకువు, అర్థాన్ని తిప్పేస్తుంది. రాతలో అది ఉండదు కాబట్టి "ధర్మాత్ములండీ"ని ఊరి తగాదా తెలియనివారు నిజమైన పొగడ్త అనే అనుకోవచ్చు. మధ్యలో ఎవరో రెండు వాక్యాలు కత్తిరించి పంపినా అంతే. అందుకే మొత్తం పోస్టు దొరికాకే తేల్చండి. ఇక ఫొటో ఉంటే భాష ఒక్కటే చాలదు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. అప్పటి ఎండిన కాలువ ఫొటో పెట్టి సార్వా (తొలకరి పంట) నాట్ల వేళ "గోదారిలో నీళ్ళే లేవంట పాపం" అని రాస్తే, మాటల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మోసమంతా ఫొటో తీసిన నెలలో ఉంటుంది.

అలాంటి పోస్టుకు జవాబిచ్చేటప్పుడు "వెటకారమెందుకు" అని అడగకండి, మళ్ళీ "ఆయ్" అనే వస్తుంది. తిరగేసిన వాక్యానికే జవాబివ్వండి: "నీళ్ళు మళ్ళిస్తున్నారంటున్నారు కదా, ఏ తూము దగ్గరండీ, ఎప్పుడు?" వివరం చెబితే అది ఫిర్యాదు, నీటిపారుదల శాఖ వారికి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. "సరదాకన్నానండీ" అంటే, పదిమందికి పంపమన్నది కూడా సరదాకేనా అని అడగండి.