ఇంటి భద్రతకు రివాల్వర్: బ్యారెల్ 2 అంగుళాలా, 4 అంగుళాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రేణిగుంట దారిలో ఊరి చివర కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. వ్యాపారం పని మీద మీరు వారంలో మూడు రాత్రులు చెన్నైలోనే ఉంటారు, ఇంట్లో అమ్మానాన్నలు మాత్రమే. లైసెన్సు చేతికొచ్చింది, .32 (గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.32 అంగుళం) రివాల్వర్ కొనాలి. షాపాయన పొట్టి బ్యారెల్‌ది (బ్యారెల్ అంటే తూటా బయటికొచ్చే గొట్టం) చూపిస్తే, స్నేహితులేమో పొడుగుది తీసుకోమంటున్నారు.

ఇంట్లో పెట్టుకోవడానికే అయితే పొడుగుదే తీసుకోండి. 3 అంగుళాలకు తగ్గొద్దు, 4 దొరికితే ఇంకా మంచిది.

మాది చంద్రగిరి దగ్గర మామిడి తోపు, తోపులోనే మిద్దె ఇల్లు. సీజన్లో దామలచెరువు మండీలో కాయ దించి డబ్బుతో రాత్రి పూట ఇంటికి రావాల్సి వస్తోందని మా నాయన అప్పట్లో రివాల్వర్ లైసెన్సు తీసుకున్నాడు. ఆయనకు 70 నిండాక అది నా పేరుకు మారింది. 2016 నాటి ఆయుధ నియమాల్లో ఆ వీలుంది: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా వారసుడి పేరుకు అడగొచ్చు. మాది కాన్పూర్‌లో చేసిన .32, ఆరు తూటాలది. బ్యారెల్ 3 అంగుళాలు, బరువు ముప్పావు కిలోకు కాస్త తక్కువ.

పొట్టి బ్యారెల్ సంగతి నాకు తెలిసింది పీలేరు మామ వల్ల. ఆయన దగ్గర వాళ్ల తాత నాటి విదేశీ రివాల్వర్ ఉంది, అదీ .32నే, కానీ బ్యారెల్ 2 అంగుళాలే. చేతిలో బొమ్మలా ముద్దుగా ఉంటుంది. ఒకసారి ఇద్దరం తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌కు వెళ్లి 10 మీటర్ల దూరంలో కాగితం పెట్టి కాల్చాం. నాదాంతో నేను కొట్టిన ఆరూ అన్నం తినే పళ్లెమంత చోటులో పడ్డాయి. గొప్పేమీ కాదు, కానీ పడ్డాయి. మామ రివాల్వర్‌తో నేను కాలిస్తే రెండు కాగితానికే తగల్లేదు. ఆయన తీసుకుని కాల్చినా అంతే. "ఇది దొంగను బెదిరించడానికేరా, కొట్టడానికి కాదు" అని నవ్వేశాడు.

ఎందుకలా అంటే లెక్క సులభమే. గురి చూసేటప్పుడు వెనకున్న గాడిలోంచి ముందున్న చిన్న మొనను చూస్తాం కదా, ఆ రెండింటి మధ్య దూరమే అసలు విషయం. 2 అంగుళాల దాంట్లో ఆ దూరం దాదాపు 100 మిల్లీమీటర్లు, 4 అంగుళాల దాంట్లో దాదాపు 150. చెయ్యి వణికి మొన ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగిందనుకోండి. 5 మీటర్ల దూరంలో, అంటే మన హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు, పొట్టిదాంతో తూటా 50 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది, పొడుగుదాంతో 33. అదే టెన్షన్లో చెయ్యి వణికితే ఒక మిల్లీమీటరుతో ఆగుతుందా?

పైగా పొట్టిది తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఎక్కువ ఎగురుతుంది. రెండో తూటాకు మళ్లీ గురి కుదరడానికి టైం పడుతుంది. చీకట్లో మంట కూడా బ్యారెల్ కొసన పెద్దగా కనబడుతుంది. నిద్ర కళ్లకు అది చాలు, కాసేపు ఏమీ కనిపించదు. నాలుగు గోడల మధ్య పేలిన చప్పుడు గురించి చెప్పనే అక్కర్లేదు, రేంజ్‌లో చెవులకు మఫ్స్ పెట్టుకునే కాల్చాం, అయినా ఉలిక్కిపడ్డాను.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. రివాల్వర్లో తూటాలుండే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది, కాగితం దూరేంత. పేల్చినప్పుడు అక్కడి నుంచి పక్కలకు వేడి ఆవిరి, సీసం తునకలు చిమ్ముతాయి. పొట్టిదాన్ని రెండు చేతులతో పట్టుకున్నప్పుడు చోటు చాలక ఎడమ చేతి బొటనవేలు తెలియకుండానే ముందుకు పోయి ఆ సందు పక్కన ఆగుతుంది. మామ బొటనవేలి గోరు పక్కన నల్లగా కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. అడిగితే బీడీ మచ్చ అంటాడు, ఆయన బీడీ తాగడు.

అయితే పొట్టివి ఎందుకు చేస్తారంటే, నడుముకు పెట్టుకుని తిరగడానికి. చొక్కా కింద కనపడదు, కూర్చుంటే గుచ్చుకోదు. మా నాయనకు మండీ రోజుల్లో అది అవసరమే. మీకెందుకు? మీది లాకర్లోంచి చేతికి, చేతిలోంచి లాకర్లోకి. వెంట తిప్పే అలవాటే వద్దు. కారులో మరిచిపోయి కొండకు బయల్దేరితే అలిపిరి చెకింగ్ దగ్గర ఏమవుతుందో ఊహించుకోండి.

పొట్టి బ్యారెల్‌లో తూటా వేగం తగ్గి పవర్ పోతుందని కూడా మీ స్నేహితులు అన్నారట. నిజమే కానీ దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. .32 పుట్టుకతోనే బలం తక్కువ తూటా, ఒక అంగుళం అటూ ఇటూ అయితే వచ్చే తేడా కంటే తగలాల్సిన చోట తగిలిందా లేదా అన్నదే పెద్ద తేడా. కాల్చాక మిగిలే తూటాల ఖాళీ కేసులను బయటికి తోసే కడ్డీ పొట్టిదాంట్లో పొట్టిగా ఉండి కేసులు ఇరుక్కుంటాయన్న మాట కూడా సిలిండర్ పక్కకు తెరుచుకునే వాటికే. మా దగ్గరున్న కాన్పూర్ రకం నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది, బ్యారెల్ కిందికి వంచగానే ఆరూ ఒక్కసారే పైకి లేస్తాయి. అక్కడ బ్యారెల్ పొడవుకు సంబంధం లేదు.

నిజానికి మన దేశంలో కొత్తది కొనేవాళ్లకు ఈ బేరం ఎక్కువ సాగదు. .38, 9 ఎం.ఎం. మామూలు పౌరులకు నిషేధం, కొత్తవాటిలో మామూలుగా దొరికేవి .32, .22. ప్రభుత్వ ఫ్యాక్టరీ .32ల్లో ఎక్కువగా కనిపించేది 3 అంగుళాల బ్యారెలే. 2014లో ఆడవాళ్ల కోసమని టైటానియం మిశ్రమంతో నిర్భీక్ అనే .32 రివాల్వర్ తెచ్చారు, బరువు అర కిలో, అప్పటి ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. తేలిక కదా అని దాని మీదికి మనసు పోతుంది. తేలిక మోసేవాళ్లకు సుఖం, కాల్చేవాళ్లకు కాదు.

ఇక మీ ప్రశ్నలో నాకు గుచ్చుకున్న మాట బ్యారెల్ గురించి కాదు. మీరు చెన్నైలో ఉన్న రాత్రి ఆ రివాల్వర్ ఎవరి చేతిలో ఉంటుంది? లైసెన్సు మీ పేరున వచ్చింది, మీ నాన్న పేరున కాదు. మీరు లేనప్పుడు ఆయన దాన్ని తీసి పట్టుకుంటే ఆయుధ చట్టం ప్రకారం ఇద్దరికీ కేసే. లాకర్ తాళం మీ జేబులో ఉండాలి, మీరు చెన్నైలో ఉండాలి, ఇంట్లో వాళ్లకు రక్షణ కావాలి. ఈ మూడూ ఎలా కుదురుతాయి? మీరు ఇంట్లో ఉండే నాలుగు రాత్రుల కోసమే అనుకుంటే కొనండి. ఆ మూడు రాత్రుల కోసమైతే డబ్బు వేరే చోట పెట్టండి.

ఎక్కడ పెట్టాలో మాకు 2024లో తెలిసొచ్చింది. ఆ మార్చి 16న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది, లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో డిపాజిట్ చేయమన్నారు, చేశాను. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. అన్నాళ్లూ మా రివాల్వర్ రసీదు మాత్రమే ఇంట్లో ఉంది. సరిగ్గా ఆ మధ్యలోనే ఒక రాత్రి బోరు దగ్గర కేబుల్ కోసుకుపోయారు. కుక్క అరుస్తుంటే లేచాను, అలవాటుగా చెయ్యి బీరువా వైపు పోయింది, లోపల రసీదు. టార్చి తీసుకుని మిద్దె మీదికెక్కి వెలుగు కొట్టి కేకలేశాను. ఇద్దరు గట్టు దాటి పరిగెత్తారు, భుజం మీద రాగి కేబుల్ చుట్టలు.

ఆ రాత్రి రివాల్వర్ ఉంటే కాల్చేవాడినా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కాల్చి ఉంటే ఈపాటికి కోర్టు చుట్టూ తిరుగుతుండేవాడిని. దొంగతనం చేసి పారిపోతున్నవాడి మీద కాల్చే హక్కు మనకు లేదు. 2024 జూలై 1 నుంచి ఉన్న భారతీయ న్యాయ సంహితలో 41వ సెక్షన్ చూడండి: ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా పోవచ్చని చెప్పిన సందర్భాలు కొన్నే. దోపిడీ, పొద్దు గూకాక పొద్దు పొడిచేలోపు ఇంట్లోకి చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం, మనకు ప్రాణాపాయమో తీవ్ర గాయమో తప్పదని భయపడే పరిస్థితి. అప్పుడు కూడా అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ అంటుంది. అంతకుముందు ఐపీసీలోనూ దాదాపు ఇదే ఉండేది.

తర్వాతి నెలలో నేను పెట్టించినవి ఇవి: బోరు దగ్గర మనిషి కదిలితే వెలిగే లైటు, వెనక తలుపుకు లోపలి నుంచి అడ్డంగా ఇనప పట్టీ, మిద్దె మెట్లకు గ్రిల్ గేటు. మీ అమ్మానాన్నలకు ఇవన్నీ ఉపయోగపడతాయి, వీటికి లైసెన్సు అక్కర్లేదు. లోపల గడియ పడి ఉన్న పడకగది, చేతిలో ఫోను, 112 నంబరు, పక్కింటి వాళ్ల నంబరు ఉంటే వాళ్లు చేయాల్సింది అంతే.

ఇదంతా విన్నాక కూడా కొనాలనుకుంటే, షాపుకు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. తూటాల్లేవని మీ కళ్లతో చూసుకుని, షాపాయన్ని అడిగి, గోడ వైపు తిప్పి ఒట్టిగా ట్రిగ్గర్ లాగి చూడండి. వేలితో హ్యామర్ (వెనక ఉండే చిన్న సుత్తి లాంటి మీట) వెనక్కి లాగి పెట్టొద్దు, ట్రిగ్గర్‌తోనే లాగండి, ఎందుకంటే భయంలో అలాగే లాగుతాం. మన రివాల్వర్ల ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, మొదటిసారి లాగేవాళ్లకు మొన కచ్చితంగా కిందికి వంగుతుంది. మా నాయన దీనికి బ్యారెల్ మీద, ముందు మొన పక్కన, పాతిక పైసల బిళ్ల పెట్టి లాగమనేవాడు. బిళ్ల పడకూడదు. నాకు పది రోజులు పట్టింది, రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వసారాలో కూర్చుని. మామ పొట్టిదాని మీద ఆ బిళ్ల నిలబెట్టడానికే చోటు లేదు.